ఆకాశరామన్న, 786

786
కొత్తగూడెం,
12 ఫిబ్రవరి 1988, శుక్రవారం

చెల్లి జహీదాకు అన్న ఫజల్ సలాం, దువా.

నీ ఉత్తరం అందింది. నెత్తిన 786 చూడగానే ప్రాణం కుదుటపడ్డది. చిన్నప్పుడు నీ వేళ్ళు పట్టుకుని పలక మీద దిద్దించాను. మందుల చీటీ రాసినా, సంతకు పోయే చీటీ రాసినా, అల్లా పేరుకు గుర్తుగా ముందు ఆ అంకె పడాలన్నాను. ఆ అడవిలో, మనవాళ్ళంటే నువ్వూ ఆ బీడీ ఆకు కల్లం గుమాస్తా అహ్మద్ పాషా తప్ప ఇంకొకరు లేని రేగులగూడెంలో, నర్సు ఉద్యోగం చేస్తూ కూడా మరవలేదు. అమ్మీ ఉంటే ఎంత మురిసిపోయేదో.

ఇవాళ నమాజు తర్వాత నన్ను మాట్లాడమన్నారు. నేను మౌల్వీని కాను, మదర్సా గడప తొక్కలేదు. కుట్టుమిషను మీద గ్రంథం తెరిచి పెట్టుకుని తెలుగులో చదువుకున్న దర్జీని. అయినా లేచానంటే ఊరుకోనని నీకు తెలుసు. ఇవాళ ఆకాశరామన్న మీద లేచాను. మీ వైపు నుంచి ఎవడో కలెక్టరుకు పేరు లేని ఉత్తరం వేశాడట, పోలీసు క్యాంపులో ఒక మనిషిని అవిటివాణ్ణి చేశారని. మీ రూటు బస్సు కండక్టర్ బిచ్యా చెప్పిండు. నేనన్నాను: సాక్ష్యాన్ని దాచొద్దన్నాడు అల్లా. మాట చెప్పి మనిషి దాక్కుంటే అది సగం సాక్ష్యం. నిజమే చెప్తున్నవాడికి పేరు చెప్పడానికి భయమెందుకు? అందరూ తలలూపారు.

నీ తెల్ల జాకెట్లు రెండు కోశాను. వచ్చే వారం బిచ్యా చేతికిస్తా.

నీ అన్న
ఫజల్

*

786
రేగులగూడెం సబ్‌సెంటర్,
28 ఫిబ్రవరి 1988

భయ్యాకు జహీదా సలాం.

మీ ఉత్తరం చదివాను. మీ ప్రసంగం బాగుంది. ఇక్కడి సంగతి ఒకటి రాస్తాను, దానికి కూడా మీ గ్రంథంలో జవాబు ఉంటుంది కదా.

దూలయ్య అని ఒక కోయ మనిషి. జనవరిలో అతని భార్య సైదమ్మ, మరో ఇద్దరు కలిసి మంచం మీద మోసుకొచ్చారు. రెండు చేతులూ భుజాల దగ్గర నుంచి వేలాడుతున్నాయి. ఇప్పుడు సైదమ్మే అన్నం తినిపిస్తుంది. తినిపించేటప్పుడు అతను కళ్ళు మూసుకుంటాడు. నా రిజిస్టరులో "చెట్టు మీద నుంచి పడినాడు" అని ఉంది. అట్లా రాయమన్నారు, రాశాను. రాత నాది. కింద సంతకం నాది, పూర్తి పేరుతో. పైన తేదీ కూడా వేశాను.

మీ లెక్కన అది నిండు సాక్ష్యం. మనిషి దాక్కోలేదు, పేరు ఉంది. మాట ఒక్కటే అబద్ధం.

ఆ ఆకాశరామన్న ఉత్తరంలో పేరు లేదన్నారు. మాట నిజమా కాదా అని మీ మసీదులో ఎవరైనా అడిగారా?

జాకెట్లకు తొందర లేదు.

జహీదా

*

786
కొత్తగూడెం,
11 మార్చి 1988

చెల్లీ,

పుట్టి బుద్ధెరిగాక నన్ను "మీరు" అని ఎప్పుడూ అనలేదు నువ్వు. కోపమొస్తే తిట్టు, మర్యాద చెయ్యకు.

దాని సంగతి తర్వాత. ముందు ఇది విను. నీ కవరు విప్పి మళ్ళీ అంటించారు. విప్పి మళ్ళీ కుట్టిన బట్టను నేను బజారు ఆ కొస నుంచి గుర్తుపడతాను, పాత సూది బెజ్జాలు ఎక్కడికీ పోవు. కవరు మూత మీద పోస్టాఫీసు జిగురు కాదు, మైదాపిండి ఉడకబెట్టిన లై. ఆరాక పొట్టు రాలుతోంది. పోస్టాఫీసుకు పోయి అడిగితే ఆ బాబు నా మొహం చూడకుండా, "మాకు తెల్వది భాయ్, ఎట్లొచ్చింది గట్ల ఇచ్చినం" అన్నాడు.

నేను ఊగిపోయాను. పరాయి ఇంటికి పోతే సలాం చెప్పి, అనుమతి అడిగి, ఇవ్వకపోతే వెనక్కి తిరిగి పొమ్మన్నాడు అల్లా. ఒకరి గుట్టు ఒకరు తవ్వొద్దన్నాడు. అన్నాచెల్లెళ్ళ ఉత్తరం ఇల్లు కాదా? నేను దాచేది ఏమీ లేదు, నువ్వెరుగుదువు. అయినా దాచేది లేనివాడి ఇంటికి కూడా తలుపు ఉంటుంది కదా. ఇక మీద నా కవర్లు సూదితో కుడతాను. పదకొండు కుట్లు, లెక్కపెట్టుకో.

ఒక మంచి మాట కూడా ఉంది. మీ వైపు నుంచి పని మీద వచ్చిన ఇన్‌స్పెక్టరు ఒకరు ఖాకీ జత కొలతలిచ్చిపోయారు. నా పుస్తకం మీద 786 చూసి, "ఫజల్ భాయ్, ఈ అంకె ఏంది? మా కానిస్టేబుల్ ఇది అడవిల దళం నంబరంటడు" అన్నారు. నవ్వాను. కూర్చోబెట్టి చాయ్ తాగించి, అక్షరానికో విలువ ఎట్లా ఉంటుందో, బిస్మిల్లా అక్షరాలన్నీ కూడితే ఆ మొత్తం ఎట్లా వస్తుందో, ముసల్మాను కాగితం ముట్టుకుంటే ముందు అదే ఎందుకు రాస్తాడో అరగంట చెప్పాను. శ్రద్ధగా విన్నారు. కాగితం మీద రాసుకున్నారు కూడా.

నీ దూలయ్య గురించి ఆలోచిస్తున్నాను. గ్రంథం మళ్ళీ తెరిచాను.

ఫజల్

*

(పోస్టు కార్డు)

రేగులగూడెం,
25 మార్చి 1988

భయ్యాకు సలాం. ఇక్కడ అంతా క్షేమం. ఎండలు ముదిరాయి. కవర్లు కుట్టి పంపవద్దు, కుట్టిన కవరులో ఏముందని పోస్టుమ్యాన్‌ను అడుగుతున్నారట. కార్డు రాస్తే అందరికీ సులువు. ఆకు కల్లం గుమాస్తా అహ్మద్ పాషా తొమ్మిది రోజులుగా ఊళ్ళో లేడు, క్యాంపులో ఉన్నాడు. ఆయన భార్య మలికాకు ఏడో నెల, బీపీ ఎక్కువగా ఉంది. సబ్‌సెంటర్‌కు ఇన్‌స్పెక్టరు గారు వచ్చి నా రిజిస్టరు చూశారు. చేతిరాత గుండ్రంగా ఉందని మెచ్చుకున్నారు. మీరు ఆయనకు చాయ్ ఇచ్చారట.

జహీదా

*

(తెల్ల జాకెట్టు నడుము మడతలో, బిచ్యా చేతి మీదుగా)

కొత్తగూడెం,
9 ఏప్రిల్ 1988

జహీదా,

ఈ కాగితం నెత్తిన అంకె లేదు చూశావా. చెయ్యి దానంతటదే రాయబోయింది. ఆపుకున్నాను.

మొన్న ఇన్‌స్పెక్టరు యూనిఫాం తొడిగి చూసుకోవడానికి వచ్చారు. భుజం దగ్గర గుండుసూదులు పెడుతుంటే జేబులోంచి ఆ ఆకాశరామన్న కాగితం తీశారు. "నీ పుణ్యాన సగం పని అయింది ఫజల్ భాయ్. అంకె అర్థం చెప్పినవ్. గిప్పుడు గీ భాష చూడు, ఎవరి మాట లెక్క ఉందో చెప్పు." అద్దంలో నన్నే చూస్తున్నారు. పైన 786. కింద వంకర అక్షరాలు, బడికి పోని పిల్లలు రాసినట్టు. రెండుసార్లు చదివాను. నాకు రెండుసార్లు చాలు, గ్రంథంలో వచనాలు అట్లాగే నేర్చుకున్నాను. "అతని చేతికి నోరు దూరమైంది" అనే చోట నా చేతిలోని సూది ఆయన భుజంలో దిగింది.

పక్షవాతం వచ్చాక అమ్మీ అనేది ఆ మాట. ఈ లోకంలో ఆ మాట అన్నది అమ్మీ, విన్నది మనిద్దరం.

"ఎవరి మాటో తెల్వదు సార్" అనలేదు. అబద్ధం అవుతుంది. "భుజం కదిలించకండి సార్, గుచ్చుకుంటది" అన్నాను. అది నిజమే.

నీకు 786 నేర్పింది నేను. తాళంచెవి వాళ్ళ చేతిలో పెట్టింది నేను. చాయ్ పోసి మరీ. పేరు చెప్పడానికి భయమెందుకని మసీదులో అరిచిందీ నేనే. అహ్మద్ పాషా నా నోటి దూల వల్ల లోపలున్నాడు.

మూడు రాత్రులుగా గ్రంథం తిరగేస్తున్నాను. ఫిరౌన్ రాజు కొలువులో ఒకడుంటాడు, విశ్వాసం గుండెలో దాచుకుని, మూసా ప్రవక్తను చంపబోతే అడ్డుపడి మాట్లాడిన మనిషి. ఇరవై ఏళ్ళుగా అతని గురించి చెప్తున్నాను. అతని పేరేమిటని నిన్న వెతికాను. లేదు. అల్లాకు పేరు తెలియక కాదు కదా, రాయలేదు. ఊరి ఆ చివర నుంచి పరుగెత్తుకొచ్చి, నిన్ను చంపాలని చూస్తున్నారు, పారిపో అని మూసాకు చెప్పినవాడికీ పేరు లేదు. వాళ్ళది సగం సాక్ష్యమని ఏ నోటితో అనను?

నీ కాగితాల మీద ఇక ఆ అంకె రాయకు. మనసులో అనుకో, చాలు. చదివాక దీన్ని పొయ్యిలో వెయ్యి. జవాబు పాత జాకెట్టు మడతలో పెట్టు. వదులు చెయ్యమని పంపినట్టు ఉంటుంది.

ఫజల్

*

(పాత జాకెట్టు మడతలో)

రేగులగూడెం,
20 ఏప్రిల్ 1988

భయ్యా,

ఎడమచేత్తో రాశాను. చేతిరాత పట్టుకోకూడదని రెండు వారాలు వంటింట్లో బొగ్గుతో నేల మీద నేర్చుకున్నాను. కాగితం ఇక్కడ కొనలేదు, భద్రాచలంలో కొన్నాను. సారపాక పోయి అక్కడ డబ్బాలో వేశాను, స్టాంపు మీద మా ఊరి ముద్ర పడకూడదని. రిజిస్టరు మాట కూడా రాయలేదు, రాస్తే నర్సేనని తెలుస్తుందని. అన్నీ చూసుకున్నాను. నెత్తిన ఏం రాశానో చూసుకోలేదు. అది నేను రాసినట్టే నాకు తెలియదు. ఊపిరి లాగా పడిపోయింది.

అహ్మద్ పాషాతో కుడిచేత్తో వందసార్లు, ఎడమచేత్తో వందసార్లు 786 రాయించారట. రాత కలవలేదు. కలవకపోతే "ఇంకెవరు రాసిన్రో చెప్పు" అంటున్నారు. ఆయనకేం తెలుసు? వదలడం, మళ్ళీ పిలవడం. నిన్న మలికాను చూడటానికి పోతే నా చెయ్యి పట్టుకుని, "అక్కా, రాసినోడు ఎవడో వచ్చి ఒప్పుకోవచ్చు గద, మగోడు కాదా వాడు" అంది. నేను ఆమె బీపీ చూస్తూ కూర్చున్నాను.

వెళ్ళి చెప్పేస్తాను భయ్యా. కానీ నా పేరు చెప్పిన మరుక్షణం, నీకెవరు చెప్పారంటారు. నాకు చెప్పింది సైదమ్మ ఒక్కతే. చెప్పొద్దని బిడ్డ మీద ఒట్టు వేయించుకుని చెప్పింది. నా పేరు నా ఒక్కదాని పేరు కాదు. దాని వెనక ఆమె ఇల్లుంది.

చెప్పకపోతే మలికా ఇల్లు.

ఉత్తరం వేసి మూడు నెలలు. ఇన్ని జీపులు తిరిగాయి, ఇన్ని కాగితాలు పోల్చారు. ఒక్కడంటే ఒక్కడు దూలయ్య గుడిసెకు పోయి చేతులు చూపించమనలేదు. ఎవరు రాశారు, ఎవరు రాశారు. ఏం రాశారు అన్నవాడు లేడు.

ఈ వారంలో వెళ్తాను. నన్ను ఆపకు.

జహీదా

*

(పోస్టు కార్డు)

కొత్తగూడెం,
23 ఏప్రిల్ 1988

జహీదాకు దువా. వదులు చెయ్యమని పంపిన పాత జాకెట్టు అందింది. కుట్లు తొందరపడి విప్పితే బట్ట మొత్తం పాడవుతుంది. నేను కొలత తీసేదాకా ఆగు. రోజాల నెల, రంజాన్ బట్టల రద్దీ, ఊపిరి సలపడం లేదు. పండుగ దాకా ఆగు. అన్న మాట ఒక్కసారి విను.

మధ్యలో చదివే అన్నకు కూడా సలాం. రోజాలు బాగా గడుస్తున్నాయి.

ఫజల్

*

(కవరు, పోస్టులో, సూదితో పదకొండు కుట్లు)

786
కొత్తగూడెం,
24 మే 1988

చెల్లి జహీదాకు పండుగ ముబారక్.

అంకె ఇంత పెద్దగా ఎందుకు రాశానా అనుకుంటున్నావేమో. చెప్తాను. ఇది దాచాల్సిన ఉత్తరం కాదు, ఎవరు విప్పినా సరే.

మన ఇన్‌స్పెక్టరు గారు ఆ ఆకాశరామన్న ఉత్తరం నాకు చూపించారని ఊరందరికీ చెప్పాను. రెండుసార్లు చదివితే నాకు వచ్చేస్తుందని ఆయనకు తెలియదు. ఇంటికొచ్చి అక్షరం పోకుండా రాశాను, పైన 786తో సహా. కింద నా పేరు, నాన్న పేరు, దుకాణం పేరు పెట్టాను. తీసుకుపోయి ఆయన చేతిలోనే పెట్టాను.

"రాసింది నువ్వేనా?"

"రాసిన సార్."

నాది పక్కన పెట్టి ఆ కాగితంతో పోల్చి చూశారు. "పరాచికాలాడుతున్నవా? ఇది నకలు. అసలు రాసినోడు ఎవడు?"

"అసలు మీ దగ్గరనే ఉంది సార్, నాలుగు నెలల సంది. ఎవరు రాసిన్రో చూస్తున్నరు. ఏం రాసిన్రో ఒక్కపారి చదువుండ్రి."

పొద్దంతా బల్ల మీద కూర్చోబెట్టారు. రోజా ఉన్నానని మంచినీళ్ళు అడిగే పని కూడా లేదు. సాయంత్రం పొమ్మన్నారు. పిచ్చోడనుకున్నారేమో.

దుకాణానికి వచ్చి ఒక పని చేశాను. పండుగ బట్టల కోసం వచ్చిన ప్రతివాడి ముందూ కాగితం, పెన్ను పెట్టాను. నకలు రాస్తేనే కుర్తా. "గిదేం షరతు ఫజల్ భాయ్, కుట్టుకూలి తీస్కో, బట్టలియ్యి" అని అరిచారు. పాత కుర్తాతో పండుగ చేసుకోండన్నాను. రాసినవాళ్ళలో పేరు పెట్టినవాళ్ళు పెట్టారు, పెట్టనివాళ్ళు పెట్టలేదు. నేను అడగలేదు. నేనే అడగలేదంటే నీకు నవ్వొస్తుందని తెలుసు.

కోర్టు ముందు అర్జీలు రాసే సమ్మయ్య కోటు కోసం వచ్చాడు. "నేను గూడ రాయాల్నా? పైన గా అంకె గూడనా?"

"అవ్, అదే ముఖ్యం."

రాసి, అద్దాల మీదుగా నన్ను చూసి, "మొత్తానికి ఆకాశరామన్నకు టోపీ పెట్టినవ్" అన్నాడు. ఎవరికి పెట్టానో అల్లాకే ఎరుక. ఆ రోజు నుంచి సమ్మయ్య ఎవరి అర్జీ రాసినా, బోరింగుదైనా పింఛనుదైనా, పైన 786 వేస్తున్నాడు. ఎందుకని అడిగితే కలెక్టరాఫీసుల జల్దీ కదుల్తదట అని చెప్తున్నాడు. ఇప్పుడు ఆ అంకె చూసి ఎవరి ఇంటికి పోతారో పొమ్మను.

ముప్పై నాలుగు నకళ్ళు కలెక్టరుకు పోయాయి. అహ్మద్ పాషాను పండుగ ముందు రోజు ఇంటికి పంపారని బిచ్యా చెప్పిండు. మలికాకు నా తరఫున దువా చెప్పు.

సంతోషించకు. మొన్న జవాబు వచ్చింది, నా పేరు మీదే. "సదరు ఫిర్యాదు మొదట వ్రాసినవారెవరో నిర్ధారణ కానందున విచారణ ముగించడమైనది." అంతే. మనిషి చేతుల మాట అందులో లేదు. కాగితం పట్టుకుని మసీదు మెట్ల మీద కూర్చుండిపోయాను. శుక్రవారం మాట్లాడమంటే లేవబుద్ధి కాలేదు. మొదటిసారి.

అందుకే మళ్ళీ మొదలుపెడుతున్నాను. ఊరందరికీ పంపినట్టే నీకూ ఒక నకలు:

"కలెక్టరు గారికి. రేగులగూడెం దూలయ్యను పోలీసు క్యాంపులో మూడు రోజులు ఉంచారు. చేతులు వెనక్కి కట్టి వాసానికి వేలాడదీశారు. ఎవరికి అన్నం పెట్టావని అడిగారు. ఆకలితో వచ్చినవాళ్ళకు పెట్టానన్నాడు. ఇప్పుడు అతని చేతికి నోరు దూరమైంది. ఎవరూ చెప్పలేదనకండి. వచ్చి అతని చేతులు చూడండి."

మధ్యలో చదివే అన్నా, ఇది నీకు. నిన్ను నేను చాలా తిట్టాను, విప్పొద్దన్నది విప్పావు కాబట్టి. తిట్లు వెనక్కి తీసుకోను. కానీ ఇంత చదివినవాడివి, ఇందులో తప్పుంటే దిద్దు. నీ పేరు పెట్టనక్కర్లేదు.

ఫజల్

*

(జాకెట్టు మడతలో)

786
రేగులగూడెం,
14 జూన్ 1988

భయ్యా,

వాన పడింది. మలికాకు ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. అహ్మద్ పాషా కుడిచెయ్యి ఇంకా వణుకుతోంది, పిల్లను ఎడమచేత్తోనే ఎత్తుకుంటున్నాడు. రాసింది నేనని ఆయనకు చెప్పలేదు. ఎప్పటికీ చెప్పనేమో. అది నా మీద ఉంటుంది.

నీ కవరు అందింది. పదకొండు కుట్లు ఉండాల్సిన చోట తొమ్మిదే ఉన్నాయి, అవీ ఎడాపెడా. కుట్టినవాడు దర్జీ కాడు. దారం కూడా నీది కాదు, ఖాకీ దారం.

లోపల నీ కాగితమే ఉంది. మొదట ఏ తేడా కనిపించలేదు. దీపం దగ్గర పెట్టి చూశాను. నకలులో "మూడు రోజులు" అన్న చోట మూడు మీద పెన్సిలు గీత ఉంది. పైన చిన్నగా "ఐదు" అని రాసి ఉంది.

తప్పనుకున్నాను. సైదమ్మ మూడని చెప్పింది, నేను మూడని రాశాను. దూలయ్య దగ్గరికి పోయి ఒంటరిగా అడిగాను. గడప వైపు చూసి, సైదమ్మ దగ్గరలో లేదని రూఢి చేసుకున్నాడు. తర్వాత అన్నాడు: "సంత కాన్నే పట్టుకున్నరమ్మా. రెండు దినాలు వేరే తాన ఉంచిన్రు. సంతల చుట్టాల కాడ ఉన్న అనుకుంది మా ఇంటిది. నేను గూడ చెప్పలే, ఇంక ఏడుస్తదని. నాకు తెల్సు, వాళ్ళకు తెల్సు."

ఐదే భయ్యా.

అందుకే ఇది పోస్టులో వెయ్యకుండా జాకెట్టులో పెట్టి పంపుతున్నాను. మన కోసం కాదు, ఆ పెన్సిలు కోసం. నీ కాగితంలో ఆ ముక్క ఉన్నంత మేర చించి పొయ్యిలో వేశాను. ఎవరు దిద్దారో నేను వెతకను. నువ్వూ వెతకకు, మసీదులో చెప్పకు, బిచ్యాతో అనకు.

ఇక మీద రాయించే నకళ్ళలో ఐదు అని రాయించు.

జహీదా